రెండో పక్క ఎవరిది?

ఫాల్గుణ శుద్ధ సప్తమి, గురువారం, పొద్దున్న ఎనిమిది గంటల పది నిమిషాలకి ఒక కుందేలు వెళ్ళి ఒక ఏదుపంది పక్కన కూర్చుంది.

ఇందులో ఏముంది అంటారేమో పిల్లలూ. ఏదుపందిని మీరు చూడలేదు. వీపు నిండా మూరెడేసి ముళ్ళు ఉంటాయి దానికి. ముళ్ళపంది అని కూడా అంటారు. కుందేలు సంగతి మీకు తెలుసు. పిండిముద్దలా ఉంటుంది. అలాంటిది వెళ్ళి భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

మా నాయనమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా ముందు తిథి, వారం, గంట చెప్పేది. "మంచి జరిగిన వేళ గుర్తుపెట్టుకోవాలమ్మా. ఆ వేళకి దేవుడు మన గుమ్మం ముందు నుంచి నడిచి వెళ్ళాడని అనుకోవాలి" అనేది. ఆవిడ చెప్పినట్టే నేనూ చెప్తున్నాను. ఇక మొదటి నుంచీ వినండి.

అనగనగా ఒక అడవి, దాని పేరు తేనెకోన. అక్కడ వాగు పక్కన, మద్దిచెట్ల నీడలో, ప్రతి గురువారం సంత జరిగేది. చుట్టూ ముళ్ళకంప కట్టి, లోపల వరసగా కూర్చుని జంతువులు అమ్ముకునేవి. ఎలుగుబంటి బంగారయ్య తేనె అమ్మేవాడు. కుందేలు పైడమ్మ చిలగడదుంపలు అమ్మేది. తాబేలు కూర్మయ్య తాత వాగులోంచి తామర దుంపలు తెచ్చేవాడు. డబ్బుల్లేవు. చోళ్ళో, సామలో ఏవో గింజలు గుప్పెడు పోసి సరుకు తీసుకునేవారు.

ఆ సంతకి ఒక కట్టుబాటు ఉండేది. దాని పేరు 'పక్క'. వరసలో కూర్చోవాలంటే నీకు కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు ముందుకొచ్చి, "ఈమెకి నేను పక్క" అని సంతపెద్ద ఎదుట చెప్పాలి. చెప్పినవాళ్ళు భుజానికి భుజం ఆనించి కూర్చోవాలి. నువ్వు నీళ్ళకి వెళ్తే నీ సరుకు చూడాలి. నీకు కళ్ళు తిరిగితే నీ మొహాన నీళ్ళు చల్లాలి. "నాకొద్దు బాబూ" అని మధ్యలో లేచిపోతే ఆ పక్క పోయినట్టే. మూడు సంతలు తిరిగినా రెండు పక్కలూ దొరకనివాళ్ళు మళ్ళీ ఏడాది దాకా సంతకి రాకూడదు.

ఆ మాఘమాసంలో అవతలి బోడికొండ మీద కార్చిచ్చు లేచింది. అక్కడ ఉండే ఏదుపంది కుటుంబం ఒకటి కొండ దిగి తేనెకోనకి వచ్చింది. తల్లి పేరు నూకాలు. తండ్రి పేరు సింహాద్రి. ఇద్దరు పిల్లలు. తేనెకోనలో వాళ్ళ జాతి ఇంకెవరూ లేరు. అదొక్కటే ఇల్లు.

సింహాద్రికి మంటల్లో కాలు కాలింది. కుంటుతున్నాడు. ఏదుపందులు మట్టి తవ్వి దుంపలు తిని బతుకుతాయి. కానీ అది ఎండలు ముదిరే కాలం. నేల బండలా అయింది. నూకాలు ఒక్కతే తవ్వితే నలుగురి కడుపు నిండదు.

అయితే నూకాలు చేతిలో ఒక పని ఉంది. అడ్డాకులతో విస్తళ్ళు, దొప్పలు కుడుతుంది. వీపు మీంచి రాలిన ముల్లే ఆమెకి సూది. ముల్లుతో ఆకుకి చిల్లు పెట్టి, సన్నగా చీల్చిన వెదురు పుల్ల దూరుస్తుంది. ఆమె కుట్టిన దొప్పలో నీళ్ళు పోస్తే చుక్క కారదు.

"సంతలో కూర్చుంటాను" అంది నూకాలు మొగుడితో. "వానలు పడేదాకా ఈ పనే మనల్ని బతికించాలి. సంతలో చోటు దొరక్కపోతే ఆ కాలిన కొండకే తిరిగి వెళ్ళాలి."

"అక్కడ బూడిద తప్ప ఏముంది?" అన్నాడు సింహాద్రి.

"అందుకే, ఇక్కడ కూర్చుంటాను" అంది.

మొదటి గురువారం విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. సంతపెద్ద అడవిదున్న భద్రయ్య గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"నూకాలంటారండి. బోడికొండ నుంచి వచ్చాం. విస్తళ్ళు కుడతాను. మూరెడు చోటు ఇప్పిస్తే చాలండి."

"చోటు నా చేతిలో లేదమ్మా. పక్క ఎవరిస్తారో అడుగు" అన్నాడు భద్రయ్య. మంచివాడే. కానీ కట్టుబాటు దాటి ఒక్క అడుగు వెయ్యడు.

నూకాలు ముందు ఎలుగుబంటి దగ్గర ఆగింది.

"పక్కా? నీకా?" అని బంగారయ్య పొట్ట ఊగేలా నవ్వాడు. "నేను సంతకి తేనె అమ్ముకోవడానికి వచ్చాను తల్లీ, జల్లెడ అయిపోవడానికి కాదు!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నూకాలు తల వంచుకుని కుందేలు దగ్గరికి వెళ్ళింది.

పైడమ్మ నవ్వలేదు. "నా ఒళ్ళు చూడు నూకాలమ్మా, దూదిపింజ. నీ మీద కోపమేం లేదు గానీ..." అని ఆగిపోయింది. సర్దిన దుంపల్నే మళ్ళీ సర్దుతూ కూర్చుంది. నూకాలు మొహం చూడలేదు.

అప్పుడు చివర నుంచి ఒక సన్నటి గొంతు వినపడింది. "ఇలా రామ్మా. ఒక పక్క నేనిస్తాను." అది తాబేలు కూర్మయ్య తాత. "నాకు డిప్ప ఉంది. నీ ముళ్ళు తగిలితే గీరినట్టు హాయిగా ఉంటుంది. ఎన్నేళ్ళయిందో ఎవరైనా నా వీపు గోకి!"

"తాతగారు ఒక పక్క" అన్నాడు భద్రయ్య. "రెండో పక్క ఎవరిది?"

ఎవరూ పలకలేదు. భద్రయ్య మూడుసార్లు అడిగాడు. మూడోసారి తర్వాత నూకాలు కట్ట ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

"ఏమైంది?" అని అడిగాడు సింహాద్రి.

"ఒక పక్క దొరికింది."

"అంటే సగం సంత. సగం కడుపుకి సరిపోతుందేమో చూడు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం. నూకాలు నవ్వలేదు.

"వచ్చే గురువారం మళ్ళీ వెళ్తాను" అంది.

రెండో గురువారం మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తాబేలు ఒక పక్క నిలిచాడు. మళ్ళీ భద్రయ్య మూడుసార్లు అడిగాడు. మళ్ళీ ఎవరూ పలకలేదు. కానీ ఈసారి నూకాలు ఇంటికి పోలేదు. ముళ్ళకంపకి బయట, దారి పక్కన, విస్తళ్ళు పరుచుకుని కూర్చుంది.

"సంత లోపల కూర్చోవాలంటే పక్క కావాలి. దారి పక్కన కూర్చోవడానికి అక్కర్లేదుగా?" అని అడిగింది.

భద్రయ్య తల గోక్కున్నాడు. "దారి సంగతి కట్టుబాటులో లేదు" అన్నాడు.

కానీ సంతకి వచ్చినవాళ్ళు బయట ఎందుకు కొంటారు? తిన్నగా లోపలికి పోయారు. కొందరు ఓ చూపు చూసి దూరంగా నడిచారు, ముళ్ళు తమ మీదకి ఎగిరి వస్తాయేమో అన్నట్టు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఒక్క విస్తరి కదల్లేదు.

అప్పుడు జింక సౌదామిని వచ్చింది. కోనలో అందరికంటే కలిగిన ఇల్లు ఆమెది. జాలిగుండె.

"అయ్యో పాపం! ఈ ఎండలో ఇన్ని విస్తళ్ళు ముందేసుకుని కూర్చున్నావా? అన్నీ ఇచ్చెయ్. ఇదిగో, బుట్టెడు చోళ్ళు తీసుకో" అంది.

నూకాలు మొహం వెలిగింది. "కుట్టు చూసుకోండమ్మా. ఇది చూడండి, అంచు ఎలా మడిచానో..."

"ఏం చూస్తాంలే! నీ పిల్లలకి నాలుగు పూటలు గడుస్తుంది, అదే చాలు" అని జింక అన్నీ కట్ట కట్టించుకుని వెళ్ళిపోయింది.

నూకాలు చోళ్ళ బుట్ట ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆ దారి జింక ఇంటి వెనకనుంచే పోతుంది. అక్కడ ఒక గుంత ఉంది. ఆ గుంతలో, ఎండుటాకుల మీద, తను కుట్టిన విస్తళ్ళు గుట్టగా పడి ఉన్నాయి. కట్టిన కట్టు కూడా విప్పలేదు.

ఆరు రోజుల పని అది. నూకాలు బుట్టతో తిన్నగా జింక గుమ్మంలోకి వెళ్ళింది.

"సౌదామినమ్మా, ఇవిగో మీ చోళ్ళు."

"అదేమిటి? అమ్మావు కదా?"

"నేను అమ్మానమ్మా. మీరు కొనలేదు."

జింకకి అర్థం కాలేదు. "నీకు సాయం చేద్దామనే కదా..."

"సాయం చేశారు. మీకు దణ్ణం. కానీ కొన్నవాళ్ళు వాడతారమ్మా. చిరిగితే వచ్చి తిడతారు. బాగుంటే మళ్ళీ వస్తారు. మీరు తిట్టడానికి కూడా రారు. నా పని గుంతలో పడుంటే నేను ఈ చోళ్ళు నా పిల్లలకి ఎలా వండిపెట్టను?" బుట్ట గట్టిగా కింద పెట్టింది. "ఆకలేస్తే అడుగుతాను, మొహమాటపడను. అమ్మడానికి వచ్చినప్పుడు మాత్రం నా సరుకు చూడండి."

జింక చెవులు వాలిపోయాయి.

ఇంటికి వచ్చి నూకాలు జరిగింది చెప్పింది. సింహాద్రి నోరు తెరిచాడు. "బుట్టెడూ ఇచ్చేశావా? ఒక్క గుప్పెడైనా ఉంచుకోలేదా?"

"లేదు."

పిల్లలు ఎండు ఉసిరికాయలు చప్పరిస్తూ ఇద్దరి మొహాలూ చూశారు. చివరికి సింహాద్రి గోడకి ఆనుకుని కాలు చాపుకున్నాడు. "సరే. ఆకు పట్రా. పుల్లలు నేను చీలుస్తాను. కాలు కాలింది గానీ చేతులు కాలలేదు కదా."

అలా మూడో సంతకి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టారు. అదే ఆఖరి సంత.

జింక ఇంటి గుమ్మంలో నూకాలు అన్న మాటలన్నీ ఇంకొకరు విన్నారు. జింక పెరటి అవతలే కుందేలు పైడమ్మ దుంపల మడి. అప్పుడామె సంత నుంచి వచ్చి కలుపు తీస్తూ ఉంది.

పైడమ్మ సాయంత్రం ఆ గుంత దగ్గరికి వెళ్ళింది. ఒక విస్తరి తీసి, దులిపి, కడిగి, ఇంటికి తెచ్చుకుంది. అందులో మడిచిన అంచు దాకా వేడివేడి అంబలి పోసి ఎదురుగా కూర్చుంది. అంబలి చల్లారింది. చుక్క కారలేదు. అడుగున తడి కూడా లేదు.

"ఆ రోజు నేను ఏం చేశాను?" అనుకుంది పైడమ్మ. "సర్దిన దుంపల్ని మళ్ళీ సర్దాను. నవ్వినవాళ్ళకీ నాకూ ఏం తేడా?"

దీపం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. దేవుడు ఆమెకి ఏం చెప్పాడో మనకి తెలియదు. బుధవారం మధ్యాహ్నం లేచి నూకాలు ఇంటికి వెళ్ళిందని మాత్రం తెలుసు.

"నూకాలమ్మా, నీ ముళ్ళ సంగతి నాకు చెప్పు. అవి ఎప్పుడు గుచ్చుకుంటాయి? ఎప్పుడు గుచ్చుకోవు?"

నూకాలు చేతిలో ఆకు కింద పెట్టింది. "ఈ కోనకి వచ్చాక ఈ మాట అడిగింది నువ్వొక్కదానివే. మామూలప్పుడు వెనక్కి వాలి ఉంటాయి. వాలినవైపుకి నిమిరితే గడ్డి నిమిరినట్టే. బెదిరానంటే లేస్తాయి. అది నా చేతిలో లేదు."

"అయితే బెదరకు."

"భయం చెప్పిన మాట వింటుందా?"

"సరే, ఒకసారి కూర్చుని చూద్దాం" అని పైడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, పక్కన చేరింది. ఏమీ కాలేదు. ఒక కన్ను తెరిచింది. రెండో కన్ను తెరిచింది. "అరె, వెచ్చగా ఉందే!" అంది.

అదే సమయానికి సింహాద్రి వెనక నుంచి చేతులు ఫట్మని కొట్టాడు. నూకాలు ముళ్ళన్నీ గలగలమని లేచాయి. పైడమ్మ గంతేసి గడప అవతల పడింది.

"ఏం పనయ్యా అది!" అని నూకాలు అరిచింది.

"రేపు సంతలో ఎవడైనా ఇదే చేస్తాడు. ముందే తెలియాలి కదా!" అన్నాడు సింహాద్రి. పైడమ్మ మట్టి దులుపుకుంటూ లేచి నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ వచ్చి కూర్చుంది. అలా ఆ మధ్యాహ్నమంతా లేస్తూ, కూర్చుంటూ, నేర్చుకున్నారు.

ఇక ఆ గురువారం వచ్చింది.

"తాతగారు ఒక పక్క" అన్నాడు భద్రయ్య. "ఇది మూడో సంత. రెండో పక్క ఎవరిది?"

"నాది" అంది పైడమ్మ.

సంత అంతా తిరిగి చూసింది. పైడమ్మ తన దుంపల బుట్ట మోసుకొచ్చి నూకాలు కుడివైపు పెట్టింది. భుజానికి భుజం ఆనించి కూర్చుంది. అప్పుడు వేళ ఎనిమిది గంటల పది నిమిషాలు.

"ఒసే పైడీ! మతిపోయిందా నీకు?" అని బంగారయ్య పెద్దగా కేకేశాడు. కేకతోపాటు పక్కనున్న, ఎండు సొరకాయతో చేసిన ఖాళీ తేనెబుర్ర మీద ధన్‌మని చరిచాడు. పిడుగు పడ్డట్టయింది.

నూకాలు ఉలిక్కిపడింది. ముళ్ళు లేచాయి. రెండు ముళ్ళు పైడమ్మ భుజంలో దిగాయి. తెల్లటి బొచ్చు మీద నెత్తురు పాకింది.

సంతలో ఒక్కసారిగా గోల లేచింది.

"చూశారా! మేం చెప్పలేదూ?"

"ఇలాంటివాళ్ళని పక్కన పెట్టుకుంటే ఇంతే!"

నూకాలు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయింది పైడమ్మా. నేను వెళ్ళిపోతాను" అని సగం లేచింది.

పైడమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "కూర్చో."

"నెత్తురు కారుతోంది నీకు..."

"నా నెత్తురు నాకు కనపడుతూనే ఉంది. కూర్చోమంటుంటే!"

భద్రయ్య దగ్గరికి వచ్చాడు. మెల్లగా అన్నాడు. "లేచి రా పైడమ్మా. దెబ్బ తగిలింది కాబట్టి లేస్తే తప్పులేదు. ఎవరూ నిన్నేమీ అనరు."

పైడమ్మ పంటి బిగువున ఒక ముల్లు లాగేసింది. రెండోది లాగేసింది. రెండూ నూకాలు చేతిలో పెట్టింది. "ఇవిగో, నీకు రెండు సూదులు" అంది. తర్వాత తలెత్తి భద్రయ్యని చూసింది.

"పెద్దయ్యా, ఒక మాట అడుగుతాను. మన పెద్దలు ఈ పక్క కట్టుబాటు ఎందుకు పెట్టారు?"

భద్రయ్య ఆలోచించాడు. పుట్టినప్పటి నుంచీ ఆ కట్టుబాటు కాపాడుతున్నాడు గానీ ఎందుకో ఎప్పుడూ అడగలేదు. తాబేలు తాత గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్తాను. మా తాత చూశాడు ఆ రోజులు. అప్పుడు ఒక ఉడత ఒంటరిగా కూర్చుని అమ్ముకునేది. ఎండదెబ్బకి పడిపోయింది. పక్కన ఎవరూ లేక, పొద్దువాలే దాకా ఎవరూ చూడలేదు. ప్రాణం పోయింది. ఇకమీదట ఈ సంతలో ఒంటరిగా ఎవరూ కూర్చోకూడదని ఆ రోజు ఒట్టేసుకున్నారు."

"విన్నారా?" అంది పైడమ్మ. గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ సంతంతా వినపడింది. "ఒంటరిగా ఎవరూ ఉండకూడదని పెట్టిన కట్టుబాటు ఇది. దాన్ని పట్టుకుని ఒంటరిగా ఉన్నవాళ్ళని గెంటేస్తున్నాం. ముల్లు గుచ్చుకుంది, నిజమే. కేక వేసి బెదరగొట్టింది ఎవరు? నాకు దెబ్బ తగిలితే నేను చూసుకుంటాను. మీరెవరూ నా పేరు చెప్పి ఆమెని పంపెయ్యకండి. పొద్దు తిరిగేదాకా నేను ఇక్కణ్ణించి లేవను."

నూకాలు కళ్ళు తుడుచుకుంది. కట్టలోంచి పది విస్తళ్ళు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తన భుజానికీ పైడమ్మ భుజానికీ మధ్య నిలబెట్టింది. "ఇప్పుడు నేను ఎంత ఉలిక్కిపడినా ఇవి దాటి రావు" అంది.

"నిన్ననే ఎందుకు తట్టలేదే మనకి?" అంది పైడమ్మ.

"నిన్న చప్పట్లు కొట్టింది మా ఆయనే కదా. ఆయన మీద కోపంలో బుర్ర పనిచెయ్యలేదు" అంది నూకాలు. నెత్తురు మరకతో ఒకరు, తడి కళ్ళతో ఒకరు, ఇద్దరూ నవ్వారు.

భద్రయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "రెండో పక్క నిలిచింది" అన్నాడు.

అయినా కొనడానికి ఎవరూ రాలేదు. వరసలో చోటు దొరికితే సరిపోతుందా పిల్లలూ? కొనేవాళ్ళు కూడా రావాలి. గంట గడిచింది. నూకాలు మనసులో దేవుణ్ణి తలుచుకుంటూ, చేతులు ఊరుకోక ఇంకో దొప్ప కుడుతూ కూర్చుంది.

అప్పుడు ఒక ముసలి కోతి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "బంగారయ్యా, నా కోడలు నిన్న ప్రసవించింది. దానికి కాస్త తేనె కావాలి."

"దోసిలి పట్టు అవ్వా, పోస్తాను."

"దోసిట్లో పోస్తే నేను చెట్టెక్కేదెలా? నీ తేనె సగం నా మోచేతులు తాగుతాయి, సగం చీమలు తాగుతాయి. కిందటిసారీ అంతే అయింది." అవ్వ విసుగ్గా చుట్టూ చూసింది. నూకాలు ముందున్న దొప్పలు కనపడ్డాయి. కర్రతో చూపించింది. "ఏమే, అవి కారతాయా?"

"కారితే తెచ్చి నా మొహాన కొట్టు అవ్వా."

"కొడతాను. నాకేం మొహమాటం లేదు." అవ్వ ఒక దొప్ప ఎత్తి, వెలుతురుకి పెట్టి చూసింది. కుట్టు లాగి చూసింది. అంచు కొరికి కూడా చూసింది. తర్వాత గుప్పెడు సామలు పోసింది.

అదే నూకాలు బోణీ. ఆ సామలు కళ్ళకద్దుకుంది.

బంగారయ్య దొప్ప నిండా తేనె పోశాడు. అవ్వ దాన్ని తలకిందులు చేసినంత పని చేసింది. చుక్క కారలేదు. "ఒక్క చుక్క కారలేదర్రా!" అని నడిసంతలో అరిచింది. అంతే. ముందు ఇద్దరు వచ్చారు. తర్వాత ఐదుగురు. ముళ్ళు ఎటు వాలి ఉంటాయో పైడమ్మే అందరికీ చెప్పింది. "ఎదురుగా నిలబడి బేరమాడండి. వెనక నుంచి కేకలెయ్యకండి. అంతే, ఇంకేం లేదు."

జింక సౌదామిని కూడా వచ్చింది. ఈసారి తొందరపడలేదు. నేల మీద కూర్చుని ఒక్కొక్క విస్తరీ తిప్పి చూసింది. "ఇదుగో నూకాలూ, ఇక్కడ కుట్టు వదులుగా ఉంది. ఇది నాకొద్దు" అంది.

నూకాలు మొహం మతాబులా వెలిగింది. "అవునమ్మా, వదులే! వేరేది తీసుకోండి!" అంది.

మధ్యాహ్నం కాబోతుండగా బంగారయ్య మెల్లగా వచ్చి నూకాలు ఎదుట నిలబడ్డాడు. కాళ్ళు మార్చుకున్నాడు. "దొప్పలున్నాయని ఇవాళ నా తేనె రెండింతలు పోయింది. వచ్చే వారానికి నాకెన్ని కుట్టగలవు?"

"జాగ్రత్త బంగారయ్యా, దగ్గరికొచ్చావు, జల్లెడైపోతావు!" అన్నాడు తాబేలు తాత. సంత ఘొల్లుమంది.

"ఉండవయ్యా తాతా!" అని బంగారయ్య చెవి గీరుకున్నాడు. తర్వాత పైడమ్మ భుజం వైపు చూశాడు. నవ్వు పోయింది. "ఆ బుర్ర మీద చరిచింది నేనే. కావాలనే చరిచాను. తప్పు నాది. వచ్చే గురువారం పైడమ్మకి భుజం నొప్పి తగ్గకపోతే ఆ పక్కన నేను కూర్చుంటాను."

"నువ్వు కూర్చుంటే చోటు సరిపోదు. దుంపల బుట్ట నీ నెత్తిన పెట్టుకోవాలి" అంది పైడమ్మ.

భద్రయ్య అందరి మధ్యకి వచ్చాడు. "ఈ రోజు నుంచి కట్టుబాటు మారుతోంది" అన్నాడు. "కొత్తగా ఎవరు వచ్చినా వాళ్ళు మన దగ్గరికి వచ్చి పక్క అడుక్కోనక్కర్లేదు. మనలో ఇద్దరు గుమ్మం దాకా ఎదురెళ్ళి పక్క ఇచ్చి తీసుకురావాలి. మొదటి సంతలోనే. మొదటివాణ్ణి నేను."

తాబేలు తాత తల ఊపాడు. "ఉడత వింటే సంతోషిస్తుంది" అన్నాడు.

మర్నాడు శుక్రవారం. తెల్లవారుతూనే నూకాలు ఇంట్లో అందరూ లేచారు. వాగులో స్నానాలు చేశారు. బోణీ సామలతో వండిన అన్నం ముందు దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత ఇంటికి తలుపు చేరవేసి నలుగురూ పైడమ్మ మడి దగ్గరికి నడిచారు. భుజం వాచి ఆమెకి తవ్వడం కుదరదని వాళ్ళకి తెలుసు. తవ్వడం తమకి పుట్టుకతో వచ్చిన విద్య. నూకాలు ఒక సాలు పట్టింది. పిల్లలిద్దరూ ఒక సాలు పట్టారు. సింహాద్రి గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని దుంపలు దులిపి బుట్టలో వేశాడు, మధ్యమధ్యలో "లోతు చాల్లేదు, లోతు చాల్లేదు" అని పిల్లల్ని సాధిస్తూ.

మట్టి చప్పుడుకి పైడమ్మ లేచి బయటికి వచ్చింది. భుజానికి పసుపు కట్టు ఉంది.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అంది.

"నీ భుజం మానేదాకా ఈ మడి పని మాది" అంది నూకాలు, తల ఎత్తకుండా.

పైడమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించి, ఆరుగురికి సరిపడా అంబలి పెట్టింది. ఆరో వాటా ఎవరికని సింహాద్రి అడిగాడు. "దారిన ఎవరైనా వస్తే" అంది.

నీతి: మన మధ్య ఒంటరిగా బతుకుతూ సొంత పనితో నిలబడాలని చూసేవాళ్ళ పక్కన మనం కూర్చోవాలి. వాళ్ళ సరుకుని జాలితో తీసుకోకుండా, మంచీ చెడూ చూసి, అవసరానికి కొని వాడుకోవాలి. అలా చేస్తే వాళ్ళూ నిలుస్తారు, మన సంతా నిలుస్తుంది.